గది చల్లగానే ఉంది, బీరుకు జ్వరమెందుకు?

పులిసే వస్తువుల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఎండ గురించే. ఇడ్లీ పిండి పొంగకుండానే పులిసిపోతోందని పాలకొల్లు నుంచి, కొబ్బరి నీరా పొద్దెక్కేదాకా నిలవడం లేదని అంబాజీపేట నుంచి, ఇంట్లో కాచుకున్న బీరు తాగితే తల పగిలిపోతోందని ఏకంగా మెల్‌బోర్న్ నుంచి! నేను తణుకు వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీ డిస్టిలరీలో పులియబెట్టే సెక్షన్ చూసినవాణ్ణి. మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం) తొట్ల పక్కనే ఉద్యోగమంతా గడిచిపోయింది. అందుకేనేమో, ఈ ఉత్తరాలన్నీ నాకు ఒకటే ప్రశ్నలా కనిపించాయి. పెద్ద ఉత్తరంతో మొదలుపెడతాను.

ప్రశ్న: మాస్టారూ, మాది రాజోలు దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. ఇక్కడ సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడం చట్టబద్ధమే. గ్యారేజీలో 20 లీటర్లు పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పులియబెడుతున్నాను. చలికాలంలో బాగా కుదిరేది. ఎండాకాలం మొదలయ్యాక (ఇక్కడ డిసెంబర్, జనవరి) ఒకసారి అరటిపండు వాసన, ఇంకోసారి గోళ్ల రంగు వాసన. రెండు గ్లాసులకే తలనొప్పి. గ్యారేజీ గోడకు థర్మామీటర్ ఉంది. అది 24 దాటకుండా కూలర్ పెట్టి మరీ చూసుకుంటున్నాను. ఈస్ట్ ప్యాకెట్ మీద 18 నుంచి 24 వరకు అని రాసి ఉంది. మా నాన్నగారు మీ శీర్షిక చదువుతారు, మీకే రాయమన్నారు. లోపం ఎక్కడుంది? ఫ్రిజ్ కొనక తప్పదా?
— పేరు వద్దన్న పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: బాబూ, లోపం ఆ గోడ మీదే ఉంది. జ్వరం చూడాలంటే థర్మామీటర్‌ను నాలుక కింద పెడతాం గానీ క్యాలెండర్ పక్కన మేకుకు తగిలించం కదా! మీ గ్యారేజీ 24లో ఉన్నప్పుడు డబ్బా లోపల 28, 29 దాకా ఉండి ఉంటుంది. ప్యాకెట్ మీద రాసిన లెక్క బీరుకు, గదికి కాదు. అందులోనూ 24 అన్నది పై హద్దు. అక్కడే కాపురం పెట్టమని దాని అర్థం కాదు.

ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడ్ వదులుతుందని అందరికీ తెలుసు. దాంతోపాటు వేడి కూడా వదులుతుంది. కిలో చక్కెర పులిస్తే సుమారు 550 నుంచి 600 కిలోజౌళ్లు. మామూలు బలమున్న 20 లీటర్ల బీరులో కిలోన్నర పైచిలుకు చక్కెర పులుస్తుంది. ఆ వేడంతా డబ్బాలోనే ఉండిపోతే బీరు పది డిగ్రీల పైనే వేడెక్కాలి. అదృష్టవశాత్తూ చాలా భాగం డబ్బా గోడల గుండా బయటికి పోతుంది కాబట్టి, గది కంటే మూడు నుంచి ఆరు డిగ్రీలు ఎక్కువ దగ్గర ఆగుతుంది. తొట్టి పెద్దదయ్యే కొద్దీ ఈ వేడి బయటికి పోవడం కష్టమవుతుంది. మా తొట్లకు నీళ్లతో చల్లార్చే ఏర్పాటు లేకపోతే ఒక్క పూట కూడా నడవదు. మొలాసిస్ మడ్డి 33 దాటుతోందంటే మా అందరికీ టెన్షన్. 36, 37కి పోయిందంటే ఈస్ట్ నీరసపడి, పులుపు పుట్టించే బాక్టీరియా రాజ్యం మొదలవుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక మాకు చెరువు నీళ్లే గతి. మధ్యాహ్నానికి ఆ నీళ్లే గోరువెచ్చగా ఉండేవి, ఇక వాటితో దేన్ని చల్లారుస్తాం? రాత్రి షిఫ్టులో గొట్టాలకు నీళ్లు వదిలి, మడ్డి ఒక్క డిగ్రీ దిగితే టీ తాగేవాళ్లం. తొట్టి మూత తీస్తే గోధుమరంగు నురుగు రూపాయి బిళ్లంత బుడగలతో కుతకుతలాడుతూ ఉండేది. చూసేవాళ్లు కింద పొయ్యి ఉందనుకునేవారు. పొయ్యీ లేదు, ఏమీ లేదు, ఆ వేడంతా ఈస్ట్‌దే. పైకి వంగి మాత్రం చూడకూడదు, గ్యాస్ ముక్కులోకి గుచ్చుకుంటుంది.

మొలాసిస్‌కు రుచి అక్కర్లేదు, ఎలాగూ బట్టీలో కాచి ఆల్కహాలు వేరు చేసేస్తాం. బీరు సంగతి అలా కాదు. ప్యాకెట్ మీది అంకెలను బట్టి మీరు వాడేది ఏల్ ఈస్ట్ (ఏల్ అనే రకం బీరుకు వాడేది) కాబట్టి దానికి బీరు లోపల 18 నుంచి 20 దగ్గర ఉంటే హాయి. వేడి పెరిగే కొద్దీ అది హడావుడిగా పెరుగుతుంది. ఆ హడావుడిలో ఫ్యూసెల్ ఆల్కహాళ్లనే బరువైన ఆల్కహాళ్లు ఎక్కువ తయారవుతాయి. నాలుక మీద ఆ మంట, ఘాటు వాటివే. మీ తలనొప్పికి కూడా చాలామంది వీటినే తప్పుపడతారు. అరటిపండు వాసన ఐసోఅమైల్ అసిటేట్‌ది. గోళ్ల రంగు వాసన ఇథైల్ అసిటేట్‌ది, గోళ్ల రంగులో వాడేదీ అదే. గోధుమ బీర్లలో అరటిపండు వాసన కావాలనే తెచ్చుకుంటారు, అది వేరే సంగతి. గోళ్ల రంగు వాసన మాత్రం ఎవరికీ వద్దు.

ఇక్కడ ఒక ఊరట ఉంది. పులిసే రెండు వారాలూ కాపలా కాయనక్కర్లేదు. ఈస్ట్ వేసిన దగ్గర్నుంచి మొదటి మూడు రోజులే అసలు గండం. ఈస్ట్ పిల్లల్ని కనేదీ, ఈ వాసనలన్నీ పుట్టేదీ అప్పుడే. ఆ మూడు రోజులు 18, 19 దగ్గర పట్టుకున్నారంటే ముప్పాతిక పని అయినట్టే. చాలామంది మాల్టు రసం (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసే తియ్యటి రసం) కాచి, 27, 28కి చల్లారగానే ‘గోరువెచ్చగా ఉందిలే’ అని ఈస్ట్ చల్లేస్తారు. పెరుగు తోడు వేసే అలవాటు మన చేతికి ఉంది కదా, అదే తెచ్చిన తంటా. తర్వాత చల్లబరుద్దాం అనుకునేలోపు ఈస్ట్ రాజుకుని వేడిని తనే పెంచేసుకుంటుంది. మీరు రసాన్ని 17, 18 దాకా దించాకే ఈస్ట్ వేయండి. పైకి పోవడం దానంతట అదే చూసుకుంటుంది. అంత చల్లటి కుళాయి నీళ్లు ఎండాకాలంలో దొరకవు కాబట్టి, మూత బిగించిన డబ్బాను రాత్రంతా ఐసు నీళ్లలో ఉంచి పొద్దున్నే ఈస్ట్ వేసినా ఫరవాలేదు. డబ్బా, మూత శుభ్రంగా ఉండాలంతే.

థర్మామీటర్ గోడ దిగి డబ్బాకు అంటుకోవాలి. చేపల తొట్టెలకు అంటించే రంగులు మారే పట్టీ అయినా సరే. వైరు చివర సెన్సార్ ఉన్నదైతే ఇంకా మంచిది. బీరు మట్టానికి సగం ఎత్తులో డబ్బాకు ఆనించి, పైన ముడిచిన గుడ్డో, స్పాంజి ముక్కో పెట్టి టేపు గట్టిగా వేయండి. గుడ్డ లేకపోతే సెన్సార్ సగం గాలినే చూస్తుంది. ఇలా కొలిచింది లోపలి వేడికి ఒక డిగ్రీ అటూ ఇటూగా సరిపోతుంది.

ఇక చల్లబరచడం. ఫ్రిజ్ కొనక తప్పదా అన్నారు. తప్పుతుంది, కాస్త ఒళ్లు వంచితే. బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో డబ్బాను నిలబెట్టి, బీరు మట్టందాకా కాకపోయినా సగానికి పైన నీళ్లు పోయండి. డబ్బాకు పాత టీషర్టు తొడిగి, దాని అంచు నీళ్లలో మునిగేట్టు చూడండి. నీరు పైకి పాకి ఆరుతూ ఉంటుంది. ఎదురుగా ఫ్యాను పెట్టండి. ఇది మీ మెల్‌బోర్న్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రాజోల్లో మీ నాన్నగారు చేస్తే పనిచేయదు. కారణం గాలిలో తేమ. మీ దగ్గర ఉత్తరపు వడగాలి వీచే రోజున 38 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతమే ఉందనుకోండి, తడిగుడ్డ 21 దగ్గరికి దిగగలదు. కోనసీమలో 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నప్పుడు ఆ తడిగుడ్డే 30 కంటే కిందికి రాదు. మన వైపు మే నెలలో కూలర్ ముందు కూర్చున్నా జిడ్డు వదలదు చూశారా, అదే లెక్క.

తడిగుడ్డతో తీరని నాలుగు డిగ్రీలకు ఐసు. ఒక లీటరు నీళ్ల సీసాను గడ్డకట్టించి టబ్బులో వేస్తే, టబ్బులో 20 లీటర్ల నీళ్లు, డబ్బాలో 20 లీటర్ల బీరు కలిపి సుమారు రెండు డిగ్రీలు దిగుతాయి. కనుక ఫ్రీజర్లో నాలుగు సీసాలు ఉంచుకుని పొద్దున రెండు, రాత్రి రెండు మార్చుకోండి. ఐసుముక్కలు నేరుగా బీరులో వేయాలని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. మీ ఊళ్లో ఇంకో ఇబ్బంది ఉంది. మధ్యాహ్నం 40 ఉంటే సాయంత్రానికి దక్షిణపు గాలి తిరిగి 20కి పడిపోతుంది. బీరు హఠాత్తుగా చల్లబడితే ఈస్ట్ పని మానేసి అడుక్కి దిగిపోతుంది. డబ్బాలో గాలి కుంచించుకుని, మూతకు ఉండే ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని నీళ్ల గొట్టం) నీళ్లను లోపలికి లాగేస్తుంది కూడా. టబ్బులో నీళ్లు ఎక్కువగా ఉండటం ఇందుకు కూడా మేలు. అంత నీరు అంత త్వరగా వేడెక్కదు, చల్లారదు.

ఎవరైనా పాత ఫ్రిజ్ ఉచితంగా ఇస్తే మాత్రం వదలకండి. టెంపరేచర్ కంట్రోలర్ అని చిన్న పెట్టె దొరుకుతుంది. ఫ్రిజ్ ప్లగ్గు దానికి, దాని సెన్సార్ డబ్బాకు. 18 అని పెట్టి, అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ తేడా ఇవ్వండి. కంప్రెసర్ ఆగాక కనీసం మూడు, నాలుగు నిమిషాలకు గానీ మళ్లీ మొదలవకుండా ఆలస్యం పెట్టండి, లేకపోతే కంప్రెసర్ కాలిపోతుంది. సెన్సార్‌ను ఫ్రిజ్ గాలిలో వేలాడదీస్తే మళ్లీ గోడ థర్మామీటర్ కథే.

ఇవేవీ కుదరని జనవరిలో ఈస్ట్‌నే మార్చండి. పశ్చిమ నార్వే పల్లెటూళ్లలో తరతరాలుగా రైతులు దాచుకున్న క్వైక్ అనే ఈస్ట్ ఉంది. 30 నుంచి 40 మధ్య కూడా శుభ్రంగా పులుస్తుంది, రెండు మూడు రోజుల్లో పని ముగిస్తుంది. చలిదేశపు ఈస్ట్ ఇంత వేడికి ఎలా ఓర్చుకుంటుందా అని నాకు ఇప్పటికీ ముచ్చటే. అక్కడివాళ్లు రసం ఇంకా వెచ్చగా ఉండగానే ఈస్ట్ వేసేవారు. తరాల తరబడి ఆ వేడికి తట్టుకున్నదే మిగిలింది.

చివరిగా ఒకటి. నాలుగో రోజు తర్వాత నురుగు తగ్గాక ఐసు మానేసి, బీరును మెల్లగా 21, 22కి పోనివ్వండి. వెన్న వాసన వచ్చే డయాసెటిల్ అనే పదార్థాన్ని ఈస్ట్ తనే తిరిగి తినేసి బీరును శుభ్రం చేస్తుంది. ఆ పనికి కాస్త వెచ్చదనం కావాలి. హైడ్రోమీటర్ (బీరులో తేలి, చక్కెర ఎంత మిగిలిందో చూపే గాజు గొట్టం) వరుసగా రెండు మూడు రోజులు ఒకే అంకె చూపించాకే సీసాల్లో నింపండి. తొందరపడితే మిగిలిన చక్కెర సీసాలో పులిసి, ఎండకు సీసాలు పేలతాయి. గాజు ముక్కలతో ఆటలొద్దు.

ప్రశ్న: మా భీమవరంలో చేపలకు, రొయ్యలకు ఐసు ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఐసుకు కొదవ లేదు. బీరు సరంజామా ఆన్‌లైన్లో దొరుకుతోంది. అమ్మడానికి కాదండీ, మా ఇంట్లోకే. నేనూ మొదలుపెట్టనా?
— భీమవరం పాఠకుడు

జవాబు: వద్దండి. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. ఇంట్లోకే అన్నా ఒప్పుకోదు. అమెరికాలో కూడా ఇంట్లో బీరు కాచుకోవడానికి కేంద్ర చట్టం ఒప్పుకున్నది 1978లోనే. ఐసును రొయ్యలకే ఉండనివ్వండి.

ప్రశ్న: సార్, నేను అమలాపురంలో బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. బీర్లలో లాగర్ రకానికి వాడే ఈస్ట్‌కు చలి ఇష్టమని, ఏల్ రకానికి వాడే ఈస్ట్‌కు వేడి ఇష్టమని పుస్తకంలో ఉంది. ఒకే రకం జీవుల్లో ఇంత తేడా ఎందుకు? ఫ్రిజ్‌లు లేని రోజుల్లో లాగర్ ఎలా చేశారు?
— డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: అమ్మా, ‘ఇష్టం’ అన్న మాటే కొంచెం సరిచేసుకోవాలి. లాగర్ ఈస్ట్ శాకరోమైసిస్ పాస్టోరియానస్. ఏల్ ఈస్ట్ శాకరోమైసిస్ సెరెవిసియే, మన బ్రెడ్డు ఈస్ట్ కూడా అదే. మొదటిది రెండోదానికీ, చలిని ఓర్చుకునే ఇంకో ఈస్ట్‌కూ పుట్టిన సంకరజాతి. అందుకే 8 నుంచి 13 డిగ్రీల్లో కూడా పనిచేయగలదు. వెచ్చగా ఉంటే అదీ ఇంకా చురుగ్గానే పులుస్తుంది. చలిలో పెట్టేది దాని సుఖం కోసం కాదు, మన నాలుక కోసం. నెమ్మదిగా పులిస్తే పై ఉత్తరంలో చెప్పిన వాసనలు పుట్టవు.

ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఏం చేశారంటే, ఎండాకాలంలో అసలు చేయలేదు. జర్మనీలోని బవేరియాలో 1553లో రాజాజ్ఞ వేశారు. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాచకూడదు. ఎండల్లో కాచింది పాడైపోయేది మరి. చలికాలంలో కాచి, సొరంగాల్లో, నేలమాళిగల్లో చెరువు ఐసు మధ్య దాచుకునేవారు. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండే అనే ఇంజనీరు చల్లబరిచే యంత్రాన్ని తయారు చేస్తే, దాన్ని మొదట ఆదరించింది బీరు తయారీదారులే. అంటే మనింట్లో పచ్చళ్లూ పాలూ దాచే ఫ్రిజ్ వెనక బీరు డబ్బులు ఉన్నాయన్నమాట! 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. అదివరకు తొట్టిలో ఏ ఈస్ట్ ఉందో ఎవరికీ తెలిసేది కాదు. ఇంకో మాట. మీరు ఫిజిక్స్‌లో చదివే జౌల్ ఉన్నాడే, ఆయనది ఇంగ్లండ్‌లోని సాల్‌ఫర్డ్‌లో బీరు తయారుచేసే కుటుంబం. వేడిని అంత పట్టుగా కొలిచినవాడు ఆ ఇంట్లో పుట్టడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: కొబ్బరి నీరా పొద్దున దించితే తియ్యగా ఉంటుంది. పది గంటలకే నురుగు కట్టి కల్లు వాసన వేస్తోంది. గీత అనుమతులు ఉన్నాయి. కుండకు సున్నం పూస్తున్నాం. ఇంకేం చేయాలి?
— రైతు, అంబాజీపేట

జవాబు: చెట్టు దిగాక చల్లబరచడం ఒక్కటే చాలదు. నీరా చెట్టు మీదే పులవడం మొదలెట్టేస్తుంది. కోసిన పూగెల మీద, కుండ అంచున, గాలిలో, చీమల కాళ్ల మీద అంతటా ఈస్ట్ ఉంటుంది. రాత్రంతా కారిన చుక్కల్లో మొదటివి తెల్లారేసరికి పది గంటల వయసువి. సున్నం పులుపు పుట్టకుండా కొంత ఆపుతుంది గానీ, పూత పలచబడిన చోట ఆపలేదు. ఎక్కువైతే రుచి చెడుతుంది. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ వారు కుండ బదులు ఐసు పెట్టిన పెట్టెను పూగెలకే తగిలించే పద్ధతి తెచ్చారు. అలా దించినదాన్ని ‘కల్పరస’ అంటారు. సున్నం అక్కర్లేదు. మీ ఊళ్లోనే కొబ్బరి పరిశోధన కేంద్రం ఉంది, ముందు అక్కడ అడగండి. ఈలోగా చేయగలిగింది, కుండను రోజూ వేడినీళ్లతో కడిగి ఎండబెట్టడం. నిన్నటి మడ్డి గోడకు అంటుకుని ఉంటే అదే ఇవాళ్టికి తోడు. దించగానే ఐసు డబ్బాలోకి, అక్కణ్ణుంచి ఫ్రిజ్‌లోకి పోవాలి. చేతికి చల్లగా ఉంటే చాలదు, నాలుగు డిగ్రీల దగ్గరికి రావాలి.

ప్రశ్న: మినప్పిండి ఎండాకాలంలో ఐదారు గంటల్లోనే పుల్లబడుతోంది, పొంగు మాత్రం ఉండటం లేదు. ఇడ్లీలు రాళ్లు. మా అత్తగారు మెంతులు ఎక్కువ వేయమంటారు. నిజమేనా?
— గృహిణి, పాలకొల్లు

జవాబు: అత్తగారితో మెంతుల గొడవ పెట్టుకోకండమ్మా. చిటికెడు మంచిదే, ఎక్కువైతే చేదు. అసలు వేడి మిక్సీ దగ్గర మొదలవుతోంది. పప్పు రుబ్బడం అయ్యాక పిండిలో వేలు పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. అది పులవడం మొదలవకముందే మీరు దానికి ఇస్తున్న వేడి. పిండిని పొంగించే బాక్టీరియాకు 25, 30 మధ్య హాయి. అంతకుమించి వేడైతే పులుపు పుట్టించేవి దాన్ని దాటిపోతాయి. అందుకే పులుపుంది, పొంగు లేదు.

పప్పును ఫ్రిజ్‌లో నానబెట్టండి, నానిన ఆ చల్లటి నీళ్లతోనే రుబ్బండి. మిక్సీని ఏకబిగిన తిప్పకుండా ఆపి ఆపి తిప్పండి. గ్రైండరుంటే ఈ బాధే తక్కువ. ఎండాకాలంలో ఉప్పు రుబ్బగానే కలిపేయండి, పులుపు కాస్త నెమ్మదిస్తుంది. చలికాలంలో మాత్రం పొంగాక కలపండి. గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో, కిటికీ దగ్గర కాకుండా లోపలి గదిలో నేల మీద పెట్టండి. రాత్రి పదికి రుబ్బి ఉదయందాకా వదిలేయకుండా, పొంగు గిన్నెలో ఒకటిన్నర రెట్లు అయిందనగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి, తెల్లవారుజామున మూడైనా సరే. లేవలేకపోతే పిండిని ముందు ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున నాలుగింటికి లేచేవాళ్లు ఎవరో వాళ్ల చేత బయటికి తీయించండి. తొమ్మిదిన్నరకి ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టుకోవచ్చు.